దేవుడి అల్మారా జరిపిన చేతులు

"అక్కా, ఫైర్ సారొచ్చిండు! నీ కుట్టు సెంటర్ బంద్ చేస్తడంట!" అని పక్కింటి బాలమ్మ పరుగున వచ్చి చెప్పింది. వనపర్తిలో మా ఇంట్లోనే పన్నెండుమంది ఆడపిల్లలకు కుట్టు నేర్పుతాను. మా బతుకు దానిమీదే.

బయటికి రెండు దారులుండాలని రూలు. పోయినేడు వచ్చిన మున్సిపాలిటీ సారు వెనక తలుపు చూసి, "ఉన్నది గదా" అని రాసుకుని పోయాడు. తూర్పు గోడ అని ఆ తలుపుకు అడ్డంగా దేవుడి అల్మారా పెట్టుకున్నాను. ఈ ఫైర్ సారు మాత్రం, "తలుపుంటె సాలదమ్మా, తెరిసి చూపియ్యి" అన్నాడు.

"దేవుణ్ణి జరపమంటవా సారూ? నీ కాల్మొక్త!" అని ఏడ్చాను.

"దేవుడు జరుగుతడమ్మా, పొగ ఆగది" అంటూ బూట్లు విప్పి, తానే ఒక పక్క పట్టి అల్మారాను పక్క గోడకు చేర్చాడు.

నెల తిరక్కుండానే ముందు గదిలో స్విచ్ బోర్డు పేలి గుడ్డలంటుకున్నాయి. వీధి గుమ్మం నిండా మంటలే. కళ్లు కనబడని పొగలో పిల్లలు "అక్కా, అక్కా" అని అరుస్తుంటే, ఏం చేయాలో తెలియక దేవుణ్ణి పిలుస్తూ, అలవాటు కొద్దీ అల్మారా ఉండిన పాత చోటికే పరుగెత్తాను. చేతికి గడియ తగిలింది.

అందరం బయటపడ్డాం. ఆ సారు పేరైనా అడగలేదు. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, బూట్లు విప్పి నా దేవుణ్ణి మోసిన ఆయన్ను ఒక్కసారి తలచుకోండి.