నేను ‘ఉస్తెదెస్’ అనే రాశాను

రెండేళ్ల క్రితం, నా యాభై రెండో ఏట, అమెరికాలో మేముండే ట్రాయ్‌లో సాయంత్రం స్పానిష్ క్లాసులో చేరాను. నేను పనిచేసే పిల్లల డెంటల్ క్లినిక్‌కి మెక్సికో కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. వాళ్లతో మాట్లాడుతూ కొంత భాష అప్పటికే నేర్చుకున్నాను.

ఒకరోజు టీచర్ నన్ను లేపి, ఎదురుగా ఇద్దరు పిల్లలున్నారనుకుని మాట్లాడమన్నారు. నేను వాళ్లను ‘ఉస్తెదెస్’ అన్నాను. అంటే ‘మీరు’ అని.

స్పెయిన్‌లో చదువుకున్న ఆవిడకి నవ్వొచ్చింది. “పిల్లలకి అంత మర్యాదా? చనువుగా ‘వొసోత్రోస్’ అనాలి. మీది పనివాళ్ల దగ్గర నేర్చుకున్న స్పానిష్‌లా ఉంది.”

క్లాసంతా నవ్వింది. హైదరాబాద్‌లో కాలేజీకి వెళ్లిన కొత్తలో నా శ్రీకాకుళం యాస విని ఇలాగే నవ్వితే, ఏడాదిపాటు క్లాసులో నోరు విప్పలేదు. ఈసారి కూర్చోలేదు.

“మేడమ్, స్పెయిన్‌లో మీరు చెప్పిందే రైటు. మెక్సికో తల్లులు సొంత పిల్లల్ని కూడా ఉస్తెదెస్ అనే అంటారు. రోజూ వింటున్నాను. అది తప్పెలా అవుతుంది?”

“ఎగ్జామ్‌లో అలా రాస్తే మార్కులు కట్ చేస్తాను.”

“చేయండి. నేను అలాగే రాస్తాను.”

అలాగే రాశాను. ఆవిడా అన్నంత పనీ చేశారు. బి గ్రేడ్ వచ్చింది.

“టీచర్‌తో ఫైట్ చేశావా అమ్మా?” అని మా అమ్మాయి నోరు తెరిచింది.

ఒక తల్లి తన పిల్లలతో మాట్లాడే మాటను తప్పని ఒప్పుకుంటే నాకు ‘ఎ’ గ్రేడ్ వచ్చినా సిగ్గుగానే ఉండేది. ఆ పేపర్‌ను ఫ్రిజ్ మీద, ఇంటికొచ్చిన వాళ్లందరికీ కనిపించేలా అంటించాను.