కోరుట్ల ఫోన్లో గీసిన అంచు

రేణుక సిరిసిల్లలో చీరల అంచులు గీస్తుంది. పాత కంప్యూటర్‌లో ఒక్కో గడి నింపుతూ ఆమె గీసిన పువ్వులే మరమగ్గాల మీద చీరలుగా దిగుతాయి. ఏటా మగ్గాల యజమాని భీమయ్య సేటు పండుగ చీరలకు అంచు ఆమెదే. ఈసారి మాత్రం ఎవరిదో సోమవారం చెప్తానన్నాడు.

"మీ యారాలు గూడ బొమ్మలు పంపింది, చూసినవా? ఒక్క పూటల గిన్ని."

యారాలంటే కోరుట్లలో ఉండే తోడికోడలు అలేఖ్య. ఆమెకు ముగ్గు వేయడం కూడా సరిగా రాదు. కానీ భర్త శ్రవణ్ దుబాయ్‌లో పనిచేసే కంపెనీ అందరికీ ఏఐ ఖాతాలిచ్చింది. అతను తనది భార్య ఫోన్లో పెట్టాడు. రేణుక ఫోన్లోనూ ఏఐ ఉంది. ఉచితంగా వచ్చేది. రెండు బొమ్మలిచ్చి, రేపు రమ్మంటుంది. మంచిదానికి కట్టాల్సిన నెల చందా ఆమె ఇంటి కిరాయంత ఉంది.

శ్రవణ్ సెలవు మీద వచ్చాడని ఆదివారం కోరుట్ల వెళ్లింది. అతను పెట్టె తెరిచి అత్తరు సీసాలు, దుప్పట్లు పంచుతున్నాడు.

"నాకు దుప్పటొద్దు శ్రవణ్. గా ఏఐ నా ఫోన్ల పెట్టియ్యి."

"అది కంపెనీది వదినా, ఒక్క ఫోన్లనే నడుస్తది. ఆడ చాయ్ పోసెటోనికి గూడ ఇచ్చిండ్రు. ఏం జేస్కుంటడో వానికే తెల్వది."

అతను నవ్వాడు. రేణుకకు ఎన్నడూ చూడని ఆ చాయ్ మనిషి మీద కూడా కడుపు మండింది.

అలేఖ్య పక్కకు జరిగి చోటిచ్చింది. "రా అక్కా. నీ మనసులున్నది చెప్పు, నేనడుగుత. వచ్చింది నువ్వే తీస్కపో. నాకిది ఊకె టైంపాస్."

రేణుక చెప్పింది. తంగేడు కొమ్మ, దాని మీద వాలుతున్న పిట్ట. ఎన్నిసార్లు గీసినా ఆ రెక్క అంచులో ఇమడలేదు.

చేతిలో చాయ్ చల్లారకముందే బొమ్మ వచ్చింది. రెక్క ఇమిడింది. తను ఊహించినదానికన్నా బాగుంది.

"ఎట్లుందక్కా?"

"బాలేదు. తీసెయ్."

"గింత మంచిగున్నదాన్నా?"

"నాకు తెల్వదా? తీసెయ్."

"సరే, పెద్దదానివి," అని అలేఖ్య తీసేసింది. వద్దన్నా శ్రవణ్ దుప్పటి సంచిలో పెట్టాడు.

జగిత్యాలలో బస్సు మారాక టికెట్ వెనుక ఆ రెక్క గీయబోయింది. ఎటు వంగిందో గుర్తు రాలేదు. తన ఫోన్‌ను అడిగితే ముందు నెమలినిచ్చింది, తర్వాత కోడిని. ఆ తర్వాత రేపు రమ్మంది.

సోమవారం సేటు అలేఖ్య పంపినవాటిలోంచే ఒక మల్లెతీగను ఎంచాడు. "ఫోన్ల బొమ్మ మగ్గమెక్కదు గద. జర గడులల్ల దింపు రేణుకా, నీ కూలి నీకిస్త."

ఆమె ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ తీగలో ఒక పువ్వుకు రేకు తక్కువుంది. అది సేటు చూడలేదు, అలేఖ్య కూడా చూసి ఉండదు.

రేణుక ఆ రేకు గడులను ఖాళీగానే వదిలి, పక్క పువ్వుకు జరిగింది.