చిట్టెమ్మ ముందు నడిచిన ఇళ్ళు

యశోదమ్మకు మనుషుల పిచ్చి. రోజుకు నలుగురితో నోరారా మాట్లాడకపోతే ఆమెకు అన్నం సయించదు. అలాంటి ఇల్లాలిని తీసుకొచ్చి మునిస్వామి చేన్ల మధ్యలో కాపురం పెట్టాడు. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, ఊరు అయిపోయిన తర్వాత, వేరుశనగ పండే నేలలో ఎవరో రాళ్ళు పాతి, ఎర్రమట్టి దారులు వేసి, ‘రంగనాథ నగర్’ అని బోర్డు పెట్టారు. తొంభై నాలుగులో ఆ బోర్డు మీద తప్ప అక్కడ ఇంకెక్కడా నగర్ లేదు. చవగ్గా వస్తోందని మునిస్వామి ఒక సైటు కొని రెండు గదులు వేశాడు. పొద్దున్నే సైకిలెక్కి టమాటా మార్కెట్టులో కాటా పనికి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు గానీ వచ్చేవాడు కాదు.

పగలంతా ఆమెకు తోడు చిట్టెమ్మ ఒక్కటే. చిట్టెమ్మ అంటే పుంగనూరు పొట్టి ఆవు. చౌడేపల్లె దగ్గర యశోదమ్మ పుట్టింటివాళ్ళు పెయ్యగా ఉన్నప్పుడు ఇచ్చారు. మనిషి నడుమెత్తు కూడా ఉండదు గానీ, తోక మాత్రం నేలను ఊడుస్తూ పోతుంది, నడకలో జమీందారిణి దర్జా. దాన్ని కట్టేయడానికి పక్క సైటులో కొట్టం వేసుకున్నారు. ఆ సైటు బెంగళూరులో ఉద్యోగం చేసే రాజేంద్ర అనే ఆయనది. అడిగితే, “ఖాళీగానే ఉండాది కదమ్మా, వేసుకోండి. నేను ఇల్లు కట్టే దినం తీసేస్తే సాలు” అన్నాడు. ఆ దినం వస్తుందని అప్పట్లో ఆయనకే నమ్మకం లేదు.

సైట్ల బ్రోకరు పాపన్న వారానికోసారి ఎవరినో ఒకరిని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. వచ్చినవాళ్ళు నాలుగు పక్కలా చూసి, మొహం వేలాడేసి, “ఈడ రేత్రిళ్ళు నక్కలు తిరగతాయేమో కదప్పా” అనేవాళ్ళు. అంతే, యశోదమ్మ మజ్జిగ చెంబుతో బయటికొచ్చేది.

“నక్కలేంది నాయనా, నేనుండ్లా? ఈ గాలి సూడు. ఎండాకాలం గూడా తెల్లార్జామున దుప్పటి కప్పుకోవాల. బోరు నీళ్ళు తాగి సూడు, టెంకాయ నీళ్ళే. రాండి, ఈడ ఇల్లు కట్టుకోండి, పిల్లోళ్ళను నేను సూసుకుంటా.”

పాపన్నకు ఇంక నోరు తెరిచే పని ఉండేది కాదు. కమిషనులో చీరైనా పెడతానంటే ఆమె నవ్వి ఊరుకునేది. ఆమెకు కావలసింది పొరుగు. పక్కింట్లో తాలింపు వేస్తే తన ఇంట్లో తుమ్ము రావాలి, అదీ ఆమె కోరిక.

మొదటి ఇల్లు ఒక బడిపంతులు కట్టాడు. గృహప్రవేశానికి ఆవు ముందుగా గడప దాటాలి, ఆ వెనకే ఇంటివాళ్ళు అడుగు పెట్టాలి. ఊళ్ళోంచి వస్తుందనుకున్న ఆవు రాలేదు. యశోదమ్మ చిట్టెమ్మ నుదుట పసుపు కుంకుమ పెట్టి తోలుకొచ్చింది. చిట్టెమ్మ దర్జాగా గడప దాటి, నడింట్లో నిలబడి, తోకెత్తి పంచితం పోసింది. గోవు ఇంట్లో పంచితం పోస్తే అంతకన్నా శుభం లేదని పూజ చేయించిన అయ్యవారు పొంగిపోయారు. పంతులుగారికి ఆ ఏడే ప్రమోషన్ వచ్చింది. ఇంక చెప్పేదేముంది? రంగనాథ నగర్‌లో ఎవరు ఇల్లు కట్టినా చిట్టెమ్మే ముందు నడవాలన్నది శాసనమైపోయింది. పాపన్న కూడా సైటుతో పాటు ఆవును చూపించడం మొదలుపెట్టాడు. యశోదమ్మ పుచ్చుకునేది ఒక రవికెగుడ్డ, రెండు అరటిపండ్లు. ఆ పండ్లూ చిట్టెమ్మకే.

ఆ తర్వాత బైపాసు పడింది. కాలేజీ బస్సులు ఆ దారిన తిరిగాయి. బెంగళూరు దగ్గర, చల్లటి ఊరు, రేట్లు ఇంకా అందుబాటులోనే ఉన్నాయి అని కార్లు దిగడం మొదలైంది. ఒకప్పుడు నక్కలకు భయపడి పారిపోయినవాళ్ళే తిరిగొచ్చి, ఆ రేటుకు నాలుగింతలు చెప్పినా సైటు దొరకదా అని పాపన్న చుట్టూ తిరిగారు. రెండంతస్తుల ఇళ్ళు లేచాయి. గేట్లు వచ్చాయి, గేట్లకు బెల్లులు వచ్చాయి. యశోదమ్మ మాత్రం బెల్లు నొక్కకుండా, “ఏమ్మా, ఏం జేస్తాండావు?” అని వీధిలోంచే కేకేసి లోపలికి పోయేది. కొందరు మొహం చిట్లించారు. ఆర్నెల్లకు వాళ్ళే, ఈ పూట రాలేదేమని ఆమెకు కబురు పెట్టారు. ఆమెతో మొహం మాడ్చుకుని ఉండటం ఎవరి వల్లా కాదు.

ఒకటే చిక్కు. ఇల్లు లేచిన ప్రతిచోటా చిట్టెమ్మ మేసే కసువు పోయింది. “సూడుమే, నీ ఆవు ముందు నడిసి మరీ దాని మేతను అది పోగొట్టుకుంటాండాది” అని మునిస్వామి ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వేది గానీ, మేపడానికి రోజురోజుకూ ఇంకాస్త దూరం నడవాల్సి వచ్చేది. చివరకు మిగిలిన ఖాళీ సైటు రాజేంద్రది, అందులోని కొట్టం.

రెండువేల ఆరులో రాజేంద్ర వచ్చాడు. మంచివాడు. తన సైటు తాను అడగడానికి కూడా మొహమాటపడ్డాడు. “అమ్మా, మొదలుపెడదామనుకుంటాండాము” అన్నాడు నేల చూస్తూ. తర్వాత, “గృహప్రవేశానికి మాత్రం మీ ఆవే రావాల” అన్నాడు. ఆవు కావాలి, కొట్టం అక్కర్లేదు. ఆ మాటలోని వింత ఆయనకు తట్టలేదు. తట్టినా ఏం చేస్తాడు పాపం, కొట్టం పెట్టుకోవడానికి ఎవరూ ఇల్లు కట్టుకోరు.

కొట్టం పీకేశారు. యశోదమ్మ ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య ఉన్న సందులో చిట్టెమ్మను కట్టారు. ఎంత పొట్టి ఆవైనా అందులో వెనక్కి తిరగలేదు. పడుకుంటే లేవడానికి అవస్థ పడేది. వయసు కూడా మీద పడింది. చూసి చూసి యశోదమ్మ తమ్ముడు గణేష్‌కు కబురు పెట్టింది. వాళ్ళ ఊళ్ళో ఇంకా మేత ఉంది, మడి ఉంది. మాట ఇచ్చింది గనక గృహప్రవేశం కానిచ్చి, ఆ రోజే బండి ఎక్కించి పంపేయాలని అనుకుంది. అనుకున్నప్పటి నుంచి ఆమె వీధిలో మాట్లాడటం తగ్గింది. వీధంతా అది గమనించింది, ఎవరూ అడగలేదు.

ఆ రోజు రానే వచ్చింది. నున్నటి టైల్సు మీద ఆవు జారకుండా రాజేంద్ర భార్య సుప్రియ గోనెసంచులు పరిచింది. చిట్టెమ్మ గడప దాటింది. అన్ని ఇళ్ళలోనూ అది హాల్లో నిలబడి వెనక్కి తిరిగేది. ఇక్కడ తిరగలేదు. హాలు దాటి, గోనెసంచులు దాటి, నేరుగా వంటింట్లోకి పోయి, ఒక మూల కాళ్ళు మడుచుకుని పడుకుని నెమరు వేయసాగింది.

అందరూ చేతులు జోడించారు. లక్ష్మీదేవి వచ్చి కూర్చుందన్నారు అయ్యవారు. ఫోటోలు తీశారు. కాసేపయ్యాక గానీ చిక్కు తెలియలేదు. పొయ్యి పెట్టాల్సింది ఆ మూలే. రాహుకాలం రాకముందే పాలు పొంగాలి. రాజేంద్ర మెల్లగా పలుపు లాగాడు. సుప్రియ బెల్లం పెట్టింది. చిట్టెమ్మ బెల్లం తిని, మళ్ళీ నెమరు వేసుకుంది. చుట్టాలు నవ్వారు.

యశోదమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆ మూలేమిటో ఆమెకు తెలుసు. కొట్టంలో చిట్టెమ్మ మేత గాడి ఉన్న చోటు అది. దానికి టైల్సూ తెలియవు, గృహప్రవేశమూ తెలియదు. ఇన్ని నెలలు సందులో నిలబడి నిలబడి, ఇవాళ ఇంటికొచ్చింది.

“మీ మాటే వింటాది, లేపండమ్మా” అన్నాడు రాజేంద్ర.

ఆమె పోయి దాని పక్కన కూర్చుంది. గంగడోలు నిమిరింది. రాండి, ఈడ ఇల్లు కట్టుకోండి అని ఇన్నేళ్ళు ఊరందరినీ పిలిచిన నోరు అది. ఇప్పుడు ఆ నోటితోనే దీన్ని లెమ్మనాలి.

“లేయ్ తల్లీ” అంది చివరకు, దాని చెవి దగ్గర. “ఇది మన చోటు కాదు.”

చిట్టెమ్మ లేచింది. ముందు కాళ్ళు ఊని, తడబడి, లేచి ఆమె వెనక నడిచింది. లోపల పొయ్యి పెట్టారు, పాలు పెట్టారు, హడావుడి మొదలైంది. వీధి మలుపులో గణేష్ బండి తెచ్చి నిలబెట్టాడు. యశోదమ్మ అటువైపే చూస్తూ నడుస్తోంది. వెనక అడుగుల చప్పుడైంది. రాజేంద్ర తల్లి సావిత్రమ్మ, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చెప్పుల్లేకుండా వస్తోంది.

“ఏమక్కా, లోపల పాలు పొంగిస్తాండారు. పెద్దదానివి, నువ్వుండాల గదా” అంది యశోదమ్మ.

“పొంగనీలేమ్మా, అది వాళ్ళు సూసుకుంటారు. వెంకటగిరికోటలో మా ఆవుల్ని అమ్మి బెంగళూరుకు పోయిన దినం, బండి దాకా నాతో ఎవురూ రాలేదు.”

యశోదమ్మ పలుపు కొస ఆమె చేతికిచ్చింది. ఇద్దరూ చిట్టెమ్మకు చెరోపక్క నడిచారు.