దీపం కింది వరి

సంపూర్ణమ్మకి కోపం ఓ పట్టాన రాదు. వస్తే మాత్రం ఓ పట్టాన పోదు. తొంభై ఎనిమిది సార్వాలో, ఆ వానాకాలం పంటప్పుడు వచ్చిన కోపమైతే ఆఫీసునే కుదిపింది.

నర్సాపురం కాలవ పక్కన ఓ చిన్న వరి పరిశోధనా క్షేత్రంలో ఆమె పద్దెనిమిదేళ్లుగా రోజుకూలీ. పని రెండు రకాల వరిని కలపడం. విప్పుకోబోయే గింజ కొసని చిన్న కత్తెరతో కత్తిరించాలి, లోపలి ఆరు పుప్పొడి తిత్తుల్నీ సూదితో లాగెయ్యాలి, కాగితం తొడుగు వెయ్యాలి, పువ్వులు విప్పే వేళకి ఇంకో రకం పుప్పొడి తెచ్చి దులపాలి. గింజ చిట్లకూడదు, ఒక్క తిత్తి మిగలకూడదు. అంత తేలిక చెయ్యి అక్కడ ఇంకొకరికి లేదు. ఆఫీసర్లు బదిలీ మీద వచ్చేవారు, పోయేవారు. కత్తెర మాత్రం ఆమె బొడ్లోనే ఉండేది.

ఆ ఏడు శశిభూషణ్ గారని కొత్త ఆఫీసరు వచ్చారు. నీళ్ల మోటారు దొంగలెత్తుకుపోయారని భాద్రపదంలో చేను మూల పెద్ద దీపం పెట్టించారు. అది తెల్లవార్లూ వెలిగేది. ఆ చేలో ఉన్నది ముంపుకి తట్టుకునే పాతకాలపు పొడుగు వరి. ఎప్పుడు నాటినా సరే, దసరా వెళ్లి రాత్రులు సాగితేగాని అది పొట్టకి రాదు.

దీపావళికి చేనంతా ఈనింది. దీపం చుట్టూ ఉన్న ఎనభై దుబ్బులు మాత్రం గడ్డిలా నిలబడ్డాయి. శశిభూషణ్ గారు గట్టు మీంచే చూసి, నాట్లప్పుడు నారు కలిపేశారని తేల్చేశారు. హాజరు మస్తరు వేయించడానికి ఆఫీసుకెళ్లిన సత్యకుమారి, పదో తరగతి చదివిన పిల్ల, రిజిస్టరులో ఆ మాట చూసొచ్చి చెప్పింది. ‘కూలీ సంపూర్ణమ్మ నిర్లక్ష్యం వల్ల విత్తనం కల్తీ. వచ్చే దాళ్వా పంట నుంచి పనికి వద్దు.’

ఒళ్లు మండదూ మరి? అక్కడ వరసకి ఒక్కటే నారు కట్ట. ఆ వరస అయ్యేదాకా రెండో కట్ట విప్పకూడదు. కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆ పద్ధతి నేర్పింది ఆవిడే. ఇప్పుడు చూస్తే ఒకే వరసలో దీపం వైపు కొస పచ్చగా ఉంది, అవతలి కొస ఈనింది. ఒక్క కట్టలో సగం ఒక రకం, సగం ఇంకో రకం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మాటే వెళ్లి అడిగింది.

"వెలుగు పడ్డంతమేరే ఈనలేదండి. దానికి మీరు రాత్రి పడనివ్వట్లేదు. దిగి చూడండి ఓసారి."

ఆయన బూట్లు విప్పలేదు. తనకి పాఠాలు చెప్పక్కర్లేదని ఫ్యాను కిందికి వెళ్లిపోయారు. అంత చదివినవాడికి ఈ సంగతి తెలియక కాదు. దీపం పెట్టించింది తనే కదా, అక్కడొచ్చింది చిక్కు.

ఆ సాయంత్రమే సంపూర్ణమ్మ దీపం దగ్గర పన్నెండు దుబ్బుల చుట్టూ వెదురు కర్రలు పాతి, పైనా పక్కలా గోనెలు కప్పింది. రోజూ ఇంటికి వెళ్లేముందు కప్పడం, పొద్దున్నే వచ్చి తియ్యడం. వరికి పక్క పరుస్తోందని తోటి ఆడవాళ్లు నవ్వితే, నోరు మూసుకుని కలుపు తియ్యండని కసిరింది.

అదే వారం ముసురు పట్టి, ఈనిన చేనంతా తాలైపోయింది. అప్పటికే ఆమె కలిపిన వెన్నుల్లో ఒక్క గింజా నిలవలేదు. నలభై రోజులకి, మార్గశిరంలో, గోనెల కింది పన్నెండు దుబ్బులూ ఈనాయి. పక్కన కప్పని దుబ్బులు ఇంకా గడ్డిలాగే ఉన్నాయి.

అప్పుడు పరుగెత్తుకొచ్చారు శశిభూషణ్ గారు. ఆ ఏటికి మిగిలిన ఆశ ఆ పన్నెండే. పుప్పొడి ఇవ్వాల్సిన పొట్టి రకం కుండీల్లో ఆఖరి పూత మీద ఉంది, మహా అయితే ఇంకొక్క రోజు. తెల్లారేసరికి కలపడం మొదలుపెట్టమన్నారు. దాళ్వాకి కూడా రావచ్చులే అన్నారు. రిజిస్టరు మాట ఎత్తలేదు.

మర్నాడు ఏడింటికి సంపూర్ణమ్మ బురదలో, ఆ దుబ్బుల మధ్య నిలబడి ఉంది. కత్తెర బొడ్లోనే ఉంది. వరి పువ్వు తొమ్మిదిన్నరకి విప్పుతుంది. విప్పిందంటే తన పుప్పొడి తన మీదే రాలుతుంది, ఇక ఏ సంబంధమూ కుదరదు. ఎనిమిదింటికి ఆయనొచ్చి, ఎందుకు నిలబడ్డావని అడిగారు.

"రిజిస్టరు తెండి. రాసినచోటే కొట్టెయ్యండి."

రిజిస్టరులో కొట్టివేతలు కుదరవన్నారు. తర్వాత చూద్దామన్నారు. గదమాయించారు. నువ్వు చెయ్యమని సత్యకుమారి వైపు తిరిగితే, ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని, నాకు రాదండీ అంది. గట్టు మీద ఒక్క ఆడమనిషీ కదల్లేదు.

తొమ్మిది దాటింది. ఆయన రిజిస్టరు తెచ్చి గట్టు మీద నిలబడ్డారు. ఆమె కదల్లేదు. ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, మొదటిసారి ఆ చేలోకి దిగారు. ఆ గీత కొట్టేసి, దీపం వెలుతురు వల్ల పూత ఆగిందని రాసి, పైకి చదివారు.

"బాగుందండి. మరి నిర్లక్ష్యం ఎవరిదని రాశారు?"

ఒక వెన్ను కొసన రెండు పువ్వులు అప్పటికే విప్పాయి. ఆయన వాటినీ, గడియారాన్నీ చూసుకుని, వంగి ఒక పేరు రాశారు.

ఈసారి చదవమని ఆయన్ని అడగలేదు. సత్యకుమారిని పిలిచి చదివించుకుంది. ఆ పేరు గట్టు మీద అందరికీ వినిపించాకే కత్తెర తీసింది.