నరసమ్మ దగ్గు

కలకత్తా కార్పొరేషన్‌లో కోదండం వాల్వు మనిషి. ముప్పై ఒక్క ఏళ్లు గార్డెన్ రీచ్ వీధుల్లో ఇనుప చాబీతో వాల్వులు తిప్పి కుళాయిలకు నీళ్లు వదిలాడు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా మొదటి వాల్వు తిరగాలి. ఒక్కరోజూ ఆలస్యం కాలేదని, రిటైరయ్యాక కూడా టీ కొట్టు దగ్గర దొరికినవాళ్లందరికీ చెప్పేవాడు.

"అలారం నేదు, గిలారం నేదు. నా ఒంట్లోనే ఉంది దాదా, గడియారం!"

రిటైరైన మర్నాటి నుంచి ఆ గడియారం ఆగిపోయింది. ఏడింటిదాకా ఒళ్లెరగని నిద్ర. సరిగ్గా ఆ రోజుల్లోనే భార్య నరసమ్మ దగ్గు కూడా పోయింది. ఏళ్ల తరబడి తను తెచ్చిపోసిన మందు ఇన్నాళ్లకు పనిచేసిందని సంతోషించాడు.

నరసమ్మకు మాత్రం రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడేది కాదు. పగలంతా తూగు. కూరలో రెండుసార్లు ఉప్పు వేసేది. ఒకనాడు పొయ్యి ముందు కూర్చునే నిద్రపోయింది. చీర చెంగు అంటుకోబోతుంటే కోదండం లాగేశాడు. మర్నాడే బస్సెక్కించి, భవానీపూర్‌లో తెలుగు డాక్టరమ్మ వేదవతి దగ్గరికి తీసుకెళ్లాడు.

"రోజుకి ఎన్నిసార్లు టీ తాగుతారమ్మా?"

"ఆరో, ఏడో. రేతిరి టీవీ కాడ ఒకటి."

"మధ్యాహ్నం పడుకుంటారా?"

"బువ్వ తిన్నాక రెండు గంటలు. ఈ ఊళ్లో అందరికీ ఉన్నదే కదా, భాత్ ఘూమ్."

"రాత్రి నిద్ర లేనిది ఎప్పటినుంచి?"

నరసమ్మ ఆలోచించింది. "పెళ్లైన కాడ్నుంచీ."

కోదండం నవ్వేశాడు. "అబద్దం డాక్టరమ్మా! పడుకుంటే బండరాయే. దగ్గొస్తేనే కదిలేది."

వేదవతి నరసమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చూసింది. "ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయే. ఎప్పుడొస్తుంది దగ్గు?"

"ఇప్పుడు నేదు. నా డూటీ రోజుల్లో. తెల్లారగట్ల మూడున్నరకి, ఒక్కపాలి. టంచనుగా..."

ఆ మాట తన చెవినే పడి కోదండం ఆగిపోయాడు.

నరసమ్మ నేల చూసింది. "అది దగ్గు కాదమ్మా. కొత్తలో ఓపాలి తట్టి లేపినాను. 'నన్నెవులూ లేపక్కర్నేదు' అని కసిరినాడు. డూటీ పోతే ఏటి తింటాం? రెండింటికి లెగిసి కూకునేదాన్ని. మూడున్నరకి దగ్గేదాన్ని."

"మరి దగ్గు మందేమైనా వాడారా?" అంది వేదవతి.

"తెచ్చినాడు కదాని తాగేదాన్ని. అది తాగితే నిద్దర ముంచుకొచ్చేది. అందుకే గట్టిగా టీ ఎట్టుకునేదాన్ని."

వేదవతి నవ్వాపుకుంది. కోదండానికి నవ్వు రాలేదు.

"లేపాల్సిన పని ఇక లేదని మీ ఒంటికి ఇంకా తెలియలేదమ్మా," అంది డాక్టరమ్మ. మాత్రలు రాయలేదు. మధ్యాహ్నం దాటాక టీ వద్దంది. పగటి నిద్ర అరగంట చాలంది. గడియారం కంటికి కనపడకూడదంది. నిద్ర పట్టకపోతే దొర్లకుండా లేచి కూర్చుని, రెప్పలు బరువెక్కాకే పడుకోమంది. నెల పట్టొచ్చు, ఓపిక పట్టమంది.

బస్సులో కోదండం అడిగాడు. "నాకు సెప్పొచ్చు కదే?"

"సెప్తే నమ్ముతావేటి? ఊరంతా డప్పు కొట్టుకుంటన్నావు. ఎందుకులే అనుకున్నాను."

అది ఎత్తిపొడుపైతే బాగుండేది, ఎదురు మాట అనేవాడు. ఆమె మామూలుగానే అంది. ఆ రోజు నుంచి కోదండం టీ కొట్టు దగ్గర గడియారం మాట ఎత్తలేదు.

గోడ గడియారం ట్రంకుపెట్టెలోకి వెళ్లింది. మొదటి రెండు వారాలూ ఏమీ మారలేదు. టీ లేక తలనొప్పి, చిరాకు. నాలుగో వారంలో ఒకనాడు వీధి కుళాయి చప్పుడుకు కోదండానికి మెలకువ వచ్చింది. పక్కన నరసమ్మ నిద్రపోతోంది, నోరు కాస్త తెరుచుకుని.

ఆమె నిద్రపోతుండగా ఇదివరకు ఎప్పుడు చూశాడో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు.

బిందె తీసుకుని కుళాయి దగ్గర ఆడవాళ్ల వరసలో నిలబడ్డాడు. ఊరికి నీళ్లు వదిలినవాడు తన ఇంటికి నీళ్లు పట్టడం అదే మొదలు.

"ఏటి మావా, నువ్వొచ్చినావు? అత్తకి బాగోనేదా?" అంది ఎదురింటి లలితకుమారి.

"పడుకుంది."

"లేపకపోయినావా?"

అతను బిందె కుళాయి కింద పెట్టాడు. నిండిన బిందెతో గుమ్మం దాకా వచ్చేసరికి దగ్గు రాబోయింది. చప్పుడు కాకుండా బిందె దించి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, వీధి చివరిదాకా గబగబా నడిచాడు.