సరోజక్క వేళ్ల తప్పు కాదు

నాలుగు రోజుల కింద మా జనగామ ఆఫీసులో కంప్యూటర్లన్నీ నేనే అప్‌గ్రేడ్ చేశాను. ఆ మర్నాడే, ఈమెయిల్‌లో అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయని సరోజక్క చెప్పింది. ముప్పై ఏళ్లుగా టైపు కొడుతున్న మనిషి. "నీ వేళ్లే మెల్లగైనయేమో అక్కా" అని నవ్వేశాను.

ఈ రోజు ఆమె సీట్లో కూర్చుని చూస్తే, అప్‌గ్రేడ్ చేసేటప్పుడు స్పెల్లింగ్ చూసే సెట్టింగు నేనే ఆన్ చేసి మర్చిపోయానని తెలిసింది. ఆ టిక్కు తీసేయగానే అక్షరాలు పరుగెత్తాయి.

"బతికించినవ్ తమ్మీ! నువ్వు అన్నవని నిన్న దవాఖానల సూపెట్టుకున్న. ఏం లేదన్నరు. అయినా భయానికి వేళ్లకు తైలం రాసుకుంటున్న" అంది.

తప్పు నాదని చెప్పలేదు. పైగా ఆమె తెప్పించిన చాయ్ తాగాను. ఇప్పుడు ఇది టైపు చేస్తుంటే, ఆమె కీబోర్డు ముట్టిన నా వేళ్లకు కూడా ఆ తైలం వాసనే. రేపు ఆమెకు ఎట్లా చెప్పమంటారు?