మెడ వెనక చూసిన మనిషి

మొన్న ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి నడుస్తుంటే పక్క సెలూన్‌లోంచి ట్రిమ్మర్ జుయ్యిమంది. అక్కడే ఆగిపోయాను. ఎన్నేళ్ళయినా ఆ చప్పుడు వింటే నాకు కోపం నషాళానికి అంటుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసిన హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్ మీద, అక్కడి డాక్టరు మీద, అన్నిటికంటే ఎక్కువగా నా మీద. ఆ క్లినిక్ మొత్తంలో బుర్ర వాడిన మనిషి ఒక్కరే. ఆయన్ని మేం తలలు గీయడానికి పెట్టుకున్నాం.

ఆయన పేరు నర్సింహ. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, మలక్‌పేటలో చాలా ఏళ్ళు సెలూన్ నడిపి, కిరాయి దుకాణం పోయాక మా దగ్గర చేరారు. క్లినిక్‌లో పిల్లకాకులు కూడా ఆయన్ని ‘ఏయ్ నర్సింహా’ అని పిలిచేవారు. మాది విజయవాడ వైపు, నాకు బాబాయ్ అనడం అలవాటు. నేను కౌన్సెలర్‌ని. అంటే వచ్చినవాళ్ళకు ఫొటోలు చూపించి ఒప్పించడం. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు బాబాయ్ నా ఫొటోల పుస్తకం తిరగేసేవారు.

“అందరిది సీదా జుట్టే ఉన్నది గద బిడ్డా. లోకంల అందరికి గిట్లనే ఉంటదా? పైకి ఎట్లుందో ఎవలైనా చూస్తరు. తోలు కింద ఎట్లుందో చూడాలె.”

“మీరు డాక్టరైపోవాల్సింది బాబాయ్” అని ఆటపట్టించేదాన్ని. అప్పటికి నాకది తమాషా.

ఒకరోజు సలాం గారు వచ్చారు. ఒక బడిలో పీటీ మాస్టరు. ఆయన పూర్వీకులు నిజాం కొలువు కోసం ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. బిగువైన చిన్న చిన్న రింగుల జుట్టు, నుదుటి దగ్గర పలచబడింది. “పిల్లలు టోపీ తియ్యి సార్ అని నవ్వుతున్నరు మేడమ్. నా జుట్టుకు అయితదా?” అన్నారు. డాక్టరు ముందు వైపు మాత్రం చూసి, “జుట్టంటే జుట్టే, ఎవరిదైనా ఒకటే” అన్నాడు. ఆ మాటనే నేను ఇంకాస్త తియ్యగా చెప్పాను.

ముందు నాటే వెంట్రుకలను తల వెనక నుంచే మెషిన్‌తో కుదుళ్ళతో సహా తీస్తారు. ఆపరేషన్ రోజు బాబాయ్ మెడ వెనక గీస్తూ ట్రిమ్మర్ ఆపేశారు. అక్కడ శనగగింజలంత గట్టి బొడిపెలు.

“ఇవి ఎప్పటిసంది సాబ్?”

“కటింగ్ చేయించినప్పుడల్లా ఒస్తయి. పోవు.”

బాబాయ్ డాక్టరు వైపు తిరిగారు. “సార్, ఈ జుట్టు తోలు కింద కూడ వంకరనే ఉంటది. మలక్‌పేటల ఇసొంటి గడ్డాలు శానా గీసిన. మెషిన్ సీదా దిగితే కుదురు తెగుతది. గాయమైనకాడల్ల గిట్లనే గడ్డ కడతది. జర నాలుగు వెంట్రుకలు తీసి, కొన్ని నెలలు ఆగి చూడుండ్రి.”

“నీ పని గీయడం. గీసి బయటికి పో” అన్నాడు డాక్టరు.

బాబాయ్ ట్రిమ్మర్ కింద పెట్టేశారు. “సాబ్, మీ అసొంటి జుట్టు ఈడ ఎందరికి చేసిండ్రో అడుగుండ్రి.”

సలాం గారు డాక్టర్ని అడగలేదు, నన్ను అడిగారు. ఒక్కరికీ చేయలేదని నాకు తెలుసు. డాక్టరు కళ్ళు నా మీదే ఉన్నాయి. “చాలామందికి చేశాం సార్” అన్నాను. బాబాయ్ నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. మళ్ళీ పనికి రాలేదు.

కొన్ని నెలలకు సలాం గారు వచ్చి తల తిప్పి చూపించారు. తీసినచోటల్లా గడ్డలు, వాటి మధ్య బోసి మచ్చలు. ముందు నాటినవి నాలుగు పోచలు మొలిచాయి, అంతే. డాక్టరు కుర్చీలోంచి లేవనైనా లేవకుండా, “మీ జాతి జుట్టే అంతండీ, మేమేం చేస్తాం?” అన్నాడు. ఎంత సిగ్గులేనితనం! కోసేముందు అందరి జుట్టూ ఒకటే. చెడగొట్టాక ఆయన జాతి వేరు. ఆ సాయంత్రమే ఉద్యోగం మానేశాను. అదేదో ఘనకార్యమని చెప్పుకోను, మానాల్సిన రోజున మానలేదు.

బాబాయ్‌ని వెతుక్కుంటూ వెళ్తే ఎల్బీ నగర్‌లో ఒక చిన్న సెలూన్‌లో కనిపించారు. కుర్చీలో సలాం గారే ఉన్నారు, నాకంటే ముందే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారట. మచ్చలు కనపడకుండా, తోలుకు తగలకుండా, బాబాయ్ కత్తెరతో ఆయన జుట్టు సర్దుతున్నారు.

“తప్పు చేశాను బాబాయ్” అన్నాను.

ఆయన చెయ్యి ఆపలేదు. “నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? తల నాదా?”

సలాం గారి ఎదురుగా వెళ్ళి నిలబడి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన, “ఒక్క మాట చెప్తే లేచి ఇంటికి పోతుంటి కద మేడమ్” అన్నారు. అంతకుమించి తిట్టలేదు, క్షమించనూ లేదు.

బాబాయ్ పోయి రెండేళ్ళయింది. నేనిప్పుడు వేరే ఆసుపత్రిలో ఇదే పని చేస్తున్నాను. ఎవరొచ్చినా ముందు మెడ వెనక చూస్తాను. మా వాళ్ళకు చేతకాని జుట్టయితే చేతకాదనే చెబుతాను. వచ్చినవాళ్ళను పంపేస్తున్నానని పైవాళ్ళు నా మీద రుసరుసలాడుతుంటారు. ఆడనీ. లేచి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్న జుట్టుతోనైనా ఇంటికి చేరతారు.